మా ఊరి చెర్వుకు నీళ్లెందుకు వస్తలెవ్వు? వరంగల్ దిక్కోళ్లు జర చెప్పుండ్రి

కట్టకింది_రైతు
14 ఏప్రిల్ 2024

అందరికి నమస్తే. మాది నర్సంపేట దిక్కు చిన్న ఊరు, చెర్వు కట్ట కింద మూడెకరాలున్నది. నిన్న పొద్దుగాల బాపు, నేను చెర్వు నడిమిట్లకు నడుసుకుంట పోయినం, చెప్పులు గూడ తడవలే. నాకు ముప్పై నాలుగేండ్లు, గా జాగల నేను ఎన్నడు కాలు పెట్టలే, ఎందుకంటే అక్కడ నీళ్లు తప్ప నేల చూసిందే లేదు. మొత్తం నెర్రెలు వాసింది. ఒక నెర్రెల చెయ్యి పెడితే మోచేతి దాక పోయింది, అడుగున వేళ్లకు జర సల్లగ తగిలింది గంతే. నత్తగుల్లలు తెల్లగ ఎండిపోయి కాళ్ల కింద పటపట పలుగుతున్నయి.

బాపు తూము కాడ కూసోని రాళ్లు లెక్కపెట్టిండు. మా తూముకు పదకొండు రాళ్లు, మా తాతల కాలం నుంచి గదే కొలత. ఏడో రాయి మునిగితే రెండు పంటలు, ఐదో రాయి మునిగితే ఒక్క పంట, మూడు దాటకపోతే పశులకే నీళ్లు. ఈ యేడు ఒక్క రాయి గూడ తడిగ లేదు.

నాకు సమజ్ కానిది ఏందంటే, వాన పడలేదా అంటే పడ్డది. పోయిన జులై అందరికి యాదున్నది కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, రాష్ట్రంల ఎన్నడు పడనంత, మోరంచపల్లి మొత్తం మునిగె. మా ఊర్ల కూడ కింది వాడల ఇండ్లల్ల మోకాళ్ల లోతు నీళ్లు. తర్వాత ఆగస్టుల సుక్క పడలే, మొగులు దిక్కే చూసుకుంట కూసున్నం, నిజమే, కాని జులై నీళ్లన్న చెర్వుల ఉండాలె కదా? సర్కారు చెర్వులు బాగుచేసే మిషన్ కాకతీయల మా చెర్వు పూడిక కూడ తీసిన్రు, నేను సొంత ట్రాక్టరుతోని ఎకరాకు నలభై ట్రిప్పుల ఒండ్రు మట్టి తోలుకున్న. లోతయిన చెర్వుల నీళ్లెక్కువ ఆగాలె గాని తక్కువ ఆగుడేంది? ఎవలకన్న తెలిస్తే చెప్పుండ్రి.

చెలక_జనగామ
14 ఏప్రిల్ 2024

తమ్మీ, మాది జనగామ దిక్కు, మాకు నీ కథ కొత్త కాదు. గోదావరి నుంచి దేవాదుల ఎత్తిపోతల నీళ్లు వదిలితే చెర్వు నిండుతది లేకపోతే లేదు, వాన మీద ఆశ మేము ఎప్పుడో ఇడిసిపెట్టినం. కాని నా మాట ఇను, చెర్వు ఎండుడు కంటే ముందుగాల బాయి ఎండింది, అది ఎవలు చూడలే. మా నాయిన మోట కొట్టిన బాయి ముప్పై ఐదు ఫీట్లు, అది పోయినంక 150 ఫీట్ల బోరు, అది పోయినంక 300, పోయిన నెల వేసింది 520 పోయింది, రాత్రి రెండింటిదాక బండి కాడనే నిలబడ్డ, తెల్ల దుమ్ము తప్ప ఏం రాలే, పిండి గిర్నీల నిలబడ్డట్టు నెత్తి మీద మీసాల మీద మొత్తం దుమ్ము, మా ఆవిడ దూరంగ గట్టు మీద కూసోని ఒక్క మాట అనలే. అది నా తొమ్మిదో బోరు. 2018 నుంచి 24 గంటల కరెంటు వచ్చింది, సంతోషమే, ఎవలు కాదంటరు, కాని జొన్న, కంది, పెసర ఏసే చెలకల్ల కూడ వరి ఏసినం, నేను కూడ ఏసిన, ఆటో స్టార్టర్ పెట్టి ఇంట్ల పండుకున్న. భూమిలకు పొయ్యేది తక్కువ, గుంజేది ఎక్కువ.

మానేరు_పోరడు
15 ఏప్రిల్ 2024

అసలు సంగతి కాళేశ్వరం ప్రాజెక్టుల మేడిగడ్డ బ్యారేజీ అన్నా. 2023 అక్టోబరు 21 నాడు పిల్లర్లు కుంగినయి, బ్యారేజీ ఖాళీ చేసిన్రు, ఇగ ఆడినుంచి నీళ్లు ఎత్తిపోసుడు బంద్. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ మీద ఆధారపడ్డ చెర్వులు కూడ ఈసారి సగం నిండలే. పైనుంచి నీళ్లొస్తే చెర్వు, లేకపోతే మైదానం.

కట్టకింది_రైతు
15 ఏప్రిల్ 2024

తమ్మీ మా చెర్వుకు ఏ కాలువ లేదు, ఏ ఎత్తిపోతల లేదు. ఎనుకటినుంచి వాన నీళ్లతోనే నిండేది. అందుకే అడుగుతున్న.

మత్తడి_1962
15 ఏప్రిల్ 2024

నేను చిన్న నీటి వనరుల పనుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషిని. ఆ ఆఖరి మాట ముఖ్యం బాబూ. వాన నీళ్లతో నిండేది అన్నావు, ఆ నీళ్లు చెరువు మీద పడ్డవి కావు కదా, ఎక్కడో పడి నడుచుకుంటూ వచ్చినవి. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. నీ చెరువు వెనక వందల ఎకరాల గట్లు, చెలకలు ఉంటాయి, వాటి నీళ్లన్నీ ఒక పాటు కాలువలో పడి చెరువుకు చేరాలి. పూడిక తీసేటప్పుడు అందరూ చెరువు లోపలే చూశారు. ఎకరంలో ఒక్క అడుగు మట్టి తీస్తే 12 లక్షల 33 వేల లీటర్ల జాగా దొరుకుతుంది, అది మంచిదే, కాని జాగా చేసినంత మాత్రాన నీళ్లు రావు. గోలెం పెద్దది కొన్నాం, నల్లా పైపు ఊడిపోయింది చూసుకోలేదు, అట్లా ఉంది సంగతి.

మన దగ్గర చెరువు ఒంటిది కాదు, గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి, చివరికి వాగులోకి. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువులు కట్టినప్పుడే ఈ లెక్క ఉంది. చెరువు కట్టించి బాగుచేస్తూ ఉండేవాళ్లకు దశబంధం అని మాన్యం ఇచ్చేవాళ్లు, తూము తీసి మూసేటందుకు, కాలువ చూసేటందుకు ఊరూరా నీరటి ఉండేవాడు. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు 46,531 చెరువులు, కుంటలు లెక్కలో పెట్టారు. చెరువుకు చెరువు లెక్క పెట్టారు, మధ్యలో ఉన్న కాలువలను అంత శ్రద్ధగా ఎవరూ లెక్క పెట్టలేదు, ఆ తప్పులో మా శాఖ మనుషులుగా మాకూ భాగం ఉంది, ఇది మనసులో పెట్టుకొనే రాస్తున్నాను.

మీ ఊర్లో పాత నీరటి ఎవరైనా బతికి ఉంటే ఆయన్ని తీసుకొని మత్తడి నుంచి కాదు, వెనక నుంచి, నీళ్లు వచ్చే దిక్కు నుంచి నడువు. ఊరి నక్ష (పటం) కూడా చేతిలో పెట్టుకో.

వల_బుట్ట
16 ఏప్రిల్ 2024

నేను ములుగు జిల్లా, మా కులం పనే చెర్వు. రైతుకు చెర్వు ఎండితే పంట పోతది, బోరన్న ఏసుకుంటడు. మాకు బోరుల చాపలుండయి గద. సొసైటీకి సర్కారు చాప పిల్లలు ఇస్తది, బొచ్చె, రవ్వ పోస్తం, ఆరు నెలలన్న నీళ్లుంటేనే అవి కిలోకు ఎక్కుతయి. పోయినేడు జనవరిలనే నీళ్లు ఇంకవట్టె, చాప అరకిలో గూడ కాలే, సచ్చిపోతయని పట్టి అగ్గువకు అమ్మినం. ఇంకొకటి చెప్త, పోసిన పిల్లలది ఒక లెక్క, చెర్వుల తనంతట పుట్టేది ఇంకో లెక్క. కొర్రమట్ట, జెల్ల, పరక, ఇవి ఎవలు పొయ్యరు, మత్తడి దుంకినప్పుడు కింది చెర్వు నుంచి కాలువల ఎదురెక్కి వస్తయి. మా చిన్నప్పుడు తొలకరి వానకు కాలువల బుట్టలు పెట్టి పొద్దుగాల తీస్తే నిండుగ ఉండేటియి. కాలువ లేకపోతే చాపకు తొవ్వ లేదు. సారు చెప్పింది కరెక్టు, చాపలు రాని చెర్వుకు నీళ్లు కూడ సరిగ వస్తలేవని సమజ్ చేసుకోవాలె.

ఓరుగల్లు_అక్క
16 ఏప్రిల్ 2024

ఇక్కడ అందరు మొగోళ్లే ఉన్నట్టున్నరు, బోర్లు కాలువలు మాట్లాడుతున్నరు, నేను ఇంటి సంగతి చెప్త. మా తల్లిగారి ఊరు పరకాల దిక్కు. మిషన్ భగీరథ నల్లా వస్తది, మనుషులకు తాగనీకె సరిపోతది, అబద్ధం ఎందుకు చెప్పాలె. కాని బర్రె దినానికి యాభై లీటర్లకు తక్కువ తాగదు, ఎండకాలం దానికి ఒళ్లు తడవాలె, చెర్వుల పడితే గంటసేపు కదలదు. మా అవ్వకు రెండు బర్రెలుండె. చెర్వు ఎండినంక బిందెలతోని పోసింది, నల్లా దగ్గర పక్కింటోళ్లతోని పంచాయితీ అయింది, మోకాళ్ల నొప్పులకు చాత కాలే. ఉగాది దాటినంక అంగట్ల అమ్మేసింది. డెయిరీ పైసలు పదిహేను రోజులకోసారి అవ్వ చేతికి వచ్చేటియి, అవి నాయినవి కావు, అన్నవి కావు, అవ్వయి. ఇప్పుడు గోలీలకు గూడ అన్నను అడుగుతది, అడిగేటప్పుడు కొంగు ముడి తడుముకుంటది, అలవాటుగ, దాంట్ల ఏం లేదు.

ఇంకోటి, పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు చెర్వుల నడిమిట్ల గంత మడుగు ఉండె, బురదల దిగి పోవాలె. ముసలోళ్లు దిగలేకపోయిన్రు. సర్పంచి ట్యాంకరు తెప్పించి గుంతల పోయించిండు. ఒక్కొక్క బతుకమ్మ మీద ఇంకోటి పడుకుంట, పూలు పూల మీదనే ఉన్నయి, తేలుకుంట పోలే. మా అవ్వ ఇంటికొచ్చి అన్నం తినలే.

వలసపక్షి_జగిత్యాల
17 ఏప్రిల్ 2024

అక్కా నీ పోస్ట్ చదివి ఫోన్ పక్కకు పెట్టిన, మల్ల ఇప్పుడు రాస్తున్న. నేను దుబాయిల ఉంట, క్యాంపుల మా రూముల ఆరుగురం, నలుగురం మా దిక్కోళ్లమే. మేము నలుగురం ఎందుకొచ్చినం అంటే ఒక్కటే మాట, బోర్ల అప్పు. నాది నాలుగు బోర్లు, రెండు పొడి, ఒకటి ఏడాది పోసి ఆగింది, నాలుగోది ఇంచు పోస్తున్నది. ఇంచు నీళ్ల కోసం పదకొండేండ్లాయె ఇక్కడ. మా ఊరి చెర్వు శిఖంల, అంటే చెర్వు లోపలి భూమిల, నీళ్లు పోయినంక సర్కారు తుమ్మ మొలిచింది, వీడియో కాల్ల పిల్లలకు చెర్వు చూపియ్యిమంటే ఏ చెర్వు నాయినా అన్నరు.

కట్టకింది_రైతు
5 మే 2024

ఇన్ని రోజులు రాయనందుకు ఏమనుకోకుండ్రి. మత్తడి సారు చెప్పినట్టే చేసిన. మా ఊర్ల పాత నీరటి ఉన్నడు, ఎనభై దాటినయి, కండ్లు సరిగ కనపడయి. తాతా పాటు కాలువ చూపియ్యవా అంటే ఎవలన్న అడుగుతరేమోనని ఇరవై ఏండ్లు చూసిన బిడ్డా అన్నడు. బండి మీద కూసోవెట్టుకొని గుట్ట కింది దాక పోయినం, ఆడినుంచి నడిసినం.

గుట్ట కాడ కాలువ మంచిగనే ఉన్నది. రెండు పక్కల రాతి కట్టడం, నడిమిట్ల ఇసుక, మనిషి పొడుగు లోతు. తాత కట్టెతోని కొట్టుకుంట నడుస్తాండు, రాయి తగిలితే "ఇదే" అంటడు. అర కిలోమీటరు అట్లనే వచ్చినం. ఆడ ఒక మక్క చేను కాడ కాలువ సన్నమయింది, ఇంకో ఇద్దరి పత్తి చేన్ల కాడ ఇంకా సన్నమయింది, ఒక్కొక్కరు ఒక్కొక్క సాలు జరిపిన్రు ఏడాదికింత. అండ్ల ఒకలు మా మేనమామ. నేను ఏమనాలె.

ఆడికి జర ముందుకు పోతే కొత్త రోడ్డు. రోడ్డు కింద నుంచి నీళ్లు పోనీకె రెండు సిమెంటు పైపులు పెట్టిన్రు, ఒకటి మొత్తం మట్టితోని మూసుకుపోయింది. తాత వంగి పైపుల చెయ్యి పెట్టి చూసిండు, "గీండ్ల నుంచి చెర్వు పడుతదా" అన్నడు. రోడ్డు దాటినంక కాలువే లేదు. ప్లాట్లు. రాళ్లు పాతి సున్నం ఏసిన్రు, అండ్ల పదిహేను ఇండ్లు లేసినయి. తాత ఆడ నిలవడి పోయిండు, కట్టె కొట్టినా రాయి తగులుతలేదు. చాలాసేపు అటిటు తిరిగి ఒక ఇంటి ప్రహరీ కాడ చింతచెట్టు పట్టుకొని, "గీ చెట్టుకు ఎడమ పక్కకే ఉండె కాలువ, గీ ఏరు మీద కూసోని సద్ది తిన్న" అన్నడు.

అప్పుడు నాకు అర్థమయింది. పోయిన జులైల మోకాళ్ల లోతు నీళ్లొచ్చిన వాడ గదే. ఆ నీళ్లు వాళ్ల మీదికి ఉరికి రాలే, ఎనుకటి తొవ్వనే ఎతుక్కుంట వచ్చినయి. ఆ నీళ్లు మా చెర్వుయి. ఇండ్లు ముంచి, రోడ్డు పక్క మోరీల పడి వాగుల కలిసిపోయినయి. మూడు రోజులు మునిగిన ఊర్లనే తొమ్మిది నెలలకు చెర్వు ఎండింది.

చెలక_జనగామ
5 మే 2024

తమ్మీ నేను బోర్లు వరి అని ఏదేదో చెప్పిన, నా దగ్గరి లెక్క నీకు చెప్పిన. మా ఊరి కాలువ నేను కూడ పోయి చూస్త ఈ వారంల.

ప్లాటు_కొన్నోడు
6 మే 2024

నేను రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. హనుమకొండ శివారులో ఇట్లాంటి వెంచర్‌లోనే 150 గజాలు కొన్నాను, ప్రైవేటు కాలేజీల జీతం, పదేళ్ల ఈఎంఐ. కొనేటప్పుడు పక్కా రోడ్డు, కరెంటు స్తంభాలు చూపించారు, ఎండాకాలం చూపించారు. కాలువ ఉండేదని ఎవరూ చెప్పలేదు. 2020 ఆగస్టులో వరంగల్ కాలనీలు మునిగినప్పుడు మా ఇంట్ల ఫ్రిజ్జు తేలింది, మా అమ్మను మంచం మీద కూర్చోపెట్టి రాత్రంతా మేలుకున్నాం. మీ ఊర్లో ఆ పదిహేను ఇండ్లోళ్లని దొంగల్లాగ చూడకండి, వాళ్లు కూడా ఈ సంగతిలో నష్టపోయినవాళ్లే. కాలువ మళ్లీ తీస్తే వాళ్ల ఇండ్లు కూడా మునగవు, అట్లా చెప్పి మాట్లాడండి.

మత్తడి_1962
6 మే 2024

ఈ మాట చాలా మంచిది. బాబూ, తహసీల్ ఆఫీసులో పాత గ్రామ నక్ష నకలు అడుగు, కాలువ అందులో గీత ఉంటుంది, చింతచెట్టు సాక్ష్యం కంటే అది గట్టిది. నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, నీటి వనరులను ఆక్రమించటం దాని కింద తప్పే. కాని కేసుతో మొదలుపెట్టకు, కేసు తేలేలోపు మూడు వానకాలాలు పోతాయి. ముందు చేతనైనది చెయ్యి. మూసుకున్న పైపు తెరవండి, పొలాల కాడ సన్నబడ్డది వెడల్పు చెయ్యండి. ప్లాట్ల కాడ ఇండ్ల మధ్యలో ఖాళీ వీధి ఉంటే దాని పక్కన కాలువ తిప్పొచ్చేమో చూడండి, వాలు మాత్రం తప్పొద్దు, మట్టం చూసే మేస్త్రీని పిలవండి.

మానేరు_పోరడు
6 మే 2024

అన్నా మేనమామతోని ఏం చేసినవ్?

కట్టకింది_రైతు
19 జూన్ 2024

మిరుగం దాటింది, జర తెరిపి దొరికింది రాస్తున్న. మామ మొదలు రెండు రోజులు మాట్లాడలే. మూడో రోజు మా అవ్వ పోయింది ఆయన దగ్గరికి, అన్నా చెల్లెలు ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వది, పొద్దుమీకి మామనే వచ్చి ఎంత జాగ కావాలెనో కట్టె పెట్టి చూపియ్యుమన్నడు. మామ జరిగినంక మిగిలిన ఇద్దరు జరిగిన్రు. కట్ట కింద రైతులం ఎకరాకు ఐదు వందలు ఏసుకున్నం, చాపల సొసైటోళ్లు పైసలు లేవని నాలుగు రోజులు మనుషులొచ్చిన్రు. జేసీబీ మూడు దినాలు. రోడ్డు కింది పైపు తీసేసరికి పానం పోయింది, మట్టి గట్టిగ రాయోలె అయింది, ఇద్దరు పోరగాళ్లు రెండు దిక్కుల నుంచి గడ్డపారలతోని పొడిసిన్రు, నడిమిట్ల ఎలుగు కనపడేసరికి అందరు ఒర్రిన్రు. ప్లాట్ల కాడ మాత్రం సగమే అయింది. వీధి పక్కకు మూడు ఫీట్ల కాలువ తీసినం, ఎనుకట అది పన్నెండు ఫీట్లు. ఇద్దరు ఇండ్లోళ్లు ఒప్పుకోలే, నక్ష నకలు కోసం దరఖాస్తు పెట్టినం, ఇంకా రాలే.

తాతను కుర్చీ ఏసి గట్టు మీద కూసోవెట్టినం మూడు దినాలు.

కట్టకింది_రైతు
4 సెప్టెంబరు 2024

మీరు టీవీల చూసే ఉంటరు, ఒకటో తారీఖు వానకు కేసముద్రం, ఇంటికన్నె నడుమ రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది, మానుకోట (మహబూబాబాద్) దిక్కు మస్తు నష్టమయింది. చాలమంది బాధల ఉన్నరు, ఇసొంటి టైంల నేను సంతోషం రాయాలెనా అని జర ఆగిన.

ఆ రాత్రి కరెంటు పోయింది. మూడింటికి బాపు లేపిండు, బ్యాటరీ పట్టుకొని కట్ట మీదికి పోయినం. ఏం కనపడలే, కాని ఇనపడ్డది. కాలువ చెర్వుల పడే కాడ దబదబ అని చప్పుడు, పదేండ్లకు ఇన్న. బ్యాటరీ ఏస్తే ఎర్ర నీళ్లు, కట్టెలు, ఎవలదో చెప్పు, అన్ని కలిసి వస్తున్నయి. తెల్లారేసరికి మూడు రాళ్లు మునిగినయి, ఇయ్యాల్టికి ఐదో రాయి మీద ఉన్నది. కింది వాడల నీళ్లు వచ్చినయి గాని గడపలు దాటలే, గా మూడు ఫీట్ల కాలువ నిండి పొంగింది. ఒప్పుకోని ఇద్దరిల ఒకలు నిన్న వచ్చి కాలువ ఎడల్పు చేస్తె ప్రహరీ ఎంత జరపాలె అని అడిగిండు.

వల_బుట్ట
4 సెప్టెంబరు 2024

అన్నా కాలువ మూతికాడ పొద్దుగాల పొద్దుగాల చూసిన్రా? పరకలు ఎక్కుతున్నయా?

కట్టకింది_రైతు
4 సెప్టెంబరు 2024

పరకలు రాలే అన్నా, మత్తడి దుంకలే కదా, కింది నుంచి తొవ్వ లేదు ఇంకా. పొద్దుగాల కింది ఊరోళ్లు ముగ్గురు వచ్చిన్రు సైకిల్ మోటర్ల మీద. వాళ్ల చెర్వు మా మత్తడి నీళ్లతోనే నిండాలె, వాళ్లది ఖాళీగనే ఉన్నది. అండ్ల ఒక పెద్దమనిషి తూము కాడికి పోయి రాళ్లు లెక్కపెట్టిండు, ఇంకా ఎన్ని మునిగితే మత్తడి దుంకుతది కొడుకా అన్నడు. పదకొండు రాళ్లు, ఇంకా ఆరు కావాలె తాతా అన్న. వాళ్లు మా మత్తడి నుంచి వాళ్ల చెర్వు దాక కాలువ చూస్తందుకు పోయిన్రు, ఇప్పటిదాక తిరిగి రాలే, గడ్డపార ఒకటి మా దగ్గరిదే తీసుకపోయిన్రు.